నలుగురిలో ఇమడలేని వాడికి నలుగురెందుకు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్ళు. కావలిలో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తాను. చిన్నప్పటి నుంచి ఇంట్లో నన్ను మొండోడు, కలుపుగోలుతనం లేనోడు అనేవాళ్ళు. పోయిన ఏడాది చెన్నైలో చూపించుకుంటే ఆటిజం అన్నారు. పేరు తెలిశాక కొంచెం తేలికపడ్డాను. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. "పెద్దవాళ్ళకి మా దగ్గర ఏమీ లేదు, మీలాంటి వాళ్ళ గ్రూపు ఏదైనా ఉంటే చేరండి" అన్నారు. నెల్లూరులో ఒక మీటింగు ఉందంటే వెళ్ళాను. తీరా చూస్తే అందరూ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు. నన్ను ముందు కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలడిగారు. ఒకావిడ నా చేయి పట్టుకుని "మా బాబు కూడా మీలాగా ఉద్యోగం చేస్తాడా?" అని ఏడ్చింది. "తెలీదండి" అన్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు లేవలేదు. అమ్మేమో "ఎవురికీ చెప్పబాకరా, సంబంధాలు రావు" అంటుంది. మాలాంటి పెద్దవాళ్ళకి గ్రూపులు ఉంటాయా? నలుగురిలో కూర్చోవడమే నాకు కష్టం కదా, మళ్ళీ నలుగురి దగ్గరికే వెళ్తే ఏం లాభం? నేనే ఒకటి మొదలుపెట్టాలంటే ఎలా? ఇంకొకటి. సాయంత్రం రైల్వే గేటు దగ్గర నిలబడి గూడ్సు బండ్ల ఇంజను నంబర్లు నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. గ్రూపులో చేరితే ఇలాంటివి మానుకోవాలా?
- ఒక పాఠకుడు, కావలి

సమాధానం:

తమ్ముడూ,

ఆ తల్లికి మీరు చెప్పిన "తెలీదండి" కన్నా నిజమైన జవాబు నాకు కూడా తట్టలేదు. రెండు గంటలు ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెప్పొచ్చి రెండు రోజులు మంచం దిగలేకపోవడం గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. సిగ్గు అక్కర్లేదు. నా ఆటిజం సంగతి నాకు 43వ ఏట తెలిసింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. క్లాసులో గంట మాట్లాడేదాన్ని, మధ్యాహ్నం స్టాఫ్ రూముకి మాత్రం వెళ్ళలేక మెట్ల కింద, స్కూటర్ల పక్కన నిలబడి క్యారియర్ తినేదాన్ని. అందుకని దీన్ని డాక్టరు సలహాగా తీసుకోకండి. మీ కంటే నాలుగడుగులు ముందు నడిచిన మనిషి చెబుతున్న మాటలనుకోండి.

మొదట ఆ మీటింగు సంగతి. మీరెక్కింది మీ ఊరు వెళ్ళే బస్సు కాదు, అంతే. తల్లిదండ్రుల గ్రూపులకు వాళ్ళ పనులు వాళ్ళకున్నాయి. ఏ స్కూలు చేర్చుకుంటుంది, స్పీచ్ థెరపీకి నెలకెంత, ఆటిజం లాంటి వైకల్యాలున్న వాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా వైద్యానికి ఇస్తారట కదా దానికేం కావాలి, అన్నిటికీ మించి "మా తర్వాత వీడికి దిక్కెవరు?" 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం రావడానికి ఈ చివరి ప్రశ్నే పెద్ద కారణం. వాళ్ళ రాత్రులు ఆ ప్రశ్నతో తెల్లవారుతుంటాయి. అలాంటి గదిలోకి నడిచొచ్చిన ఉద్యోగం చేసే ఆటిజం కుర్రాడు వాళ్ళ కంటికి సభ్యుడిలా కనపడడు. పదిహేనేళ్ళ తర్వాత తమ పిల్లాడిలా కనపడతాడు. ఆవిడ మీ చెయ్యి పట్టుకున్నది అందుకు. ఒకరి భవిష్యత్తుకు నమూనాగా కూర్చోవడం ఎవరికైనా మోయలేని బరువే, అందులోనూ చెప్పకుండా చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు జలదరించే మనలాంటి వాళ్ళకు మరీను. వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. మళ్ళీ పిలిస్తే, ప్రశ్నలు ముందుగా రాసి పంపమనండి, అరగంటే ఉంటానని చెప్పి వెళ్ళండి. వెళ్ళకపోయినా ఫరవాలేదు.

ఆటిజం అనగానే మన వాళ్ళకు చిన్నపిల్లాడే గుర్తుకు రావడానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో దీని గురించి వివరంగా రాసినప్పుడు ఆయన చూసింది 11 మంది పిల్లల్ని. ఆ పదకొండు మందిలో మొట్టమొదటి పిల్లాడు డోనాల్డ్ ట్రిప్లెట్. ఆయన తర్వాత పెద్దవాడై, మిసిసిపీ రాష్ట్రంలో తన చిన్న ఊళ్ళోనే బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయారు. ఆ 89లో పిల్లాడిగా ఉన్నది ఎన్నేళ్ళు? మిగతా డెబ్భై ఏళ్ళ గురించి ఆలోచించే ఏర్పాట్లు మాత్రం మన దగ్గర ఇంకా చెయ్యలేదు. చెన్నైలో మీకు "పెద్దవాళ్ళకి ఏమీ లేదు" అన్నారంటే అది మీ ఒక్కరికి జరిగింది కాదు.

మీలా తల్లిదండ్రుల మీటింగుల్లో ప్రదర్శన వస్తువుల్లా నిలబడి విసిగిన వాళ్ళే మొదట తమ గ్రూపు తాము పెట్టుకున్నారు. అమెరికాలో జిమ్ సింక్లెయిర్, మరి కొందరు కలిసి 1992లో ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే దాన్ని మొదలుపెట్టారు. 1996 నుంచి ఏటా కొన్ని రోజులు తమకు తామే ఒక చోట కలుసుకోవడం మొదలుపెట్టారు. అక్కడ వాళ్ళు వాడిన ఒక చిన్న ఉపాయం ఇక్కడ నెల్లూరులో మా పెద్దవాళ్ళ గ్రూపులో మేమూ వాడుతున్నాం. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అదే అసలు ప్రశ్న. నలుగురిలో ఇమడలేని వాడికి నలుగురి దగ్గరికి వెళ్ళమనే సలహా ఏంటని. నాకూ మొదట అలాగే అనిపించింది. జ్వరమొచ్చిన వాడికి ఎండలో నిలబడమని చెప్పినట్టుంది అనుకున్నాను.

మన వైపు ఇంట్లోంచి బయల్దేరుతూ ఎవరూ "వెళ్తున్నా" అనరు కదా, అపశకునం. "వెళ్ళొస్తా" అంటారు. మా గ్రూపుకి కందుకూరు వైపు నుంచి ఒకతను వస్తాడు. అతనికి ఆరేళ్ళప్పుడు వాళ్ళ మామయ్య "వెళ్ళొస్తా అబ్బయ్యా" అని బస్సెక్కాడట. ఇతను అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే లేవలేదు, ఎండ మీద పడుతున్నా లేవలేదు. దీపాలు పెట్టాక వాళ్ళ నాయనమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. మామ వస్తానన్నాడు కదా మరి. ఇప్పటికీ ఎవరింట్లో పెళ్ళి జరిగినా ఆ కథ చెప్పుకుని నవ్వుతారట, అతనేమో వంటల వైపుకి వెళ్ళి నిలబడతాడట. మాకు ఇది చెప్పిన రోజు మేమూ నవ్వాం. నవ్వు ఆగకముందే గూడూరు నుంచి వచ్చే ఒకాయన "నన్ను ఒక ఆఫీసులో రేపు రండి అన్నారు, ఆరు రోజులు వరసగా వెళ్ళాను" అన్నాడు. మూల కూర్చున్న ఒకమ్మాయి, ఆ రోజంతా నోరు విప్పనిది, ఫోనులో టైప్ చేసి చూపించింది: "ఒకసారి మా ఇంటికి రండి అంటే అడ్రసు అడిగి ఆదివారం వెళ్ళాను. వాళ్ళు తలుపు తీసి ఏంటి పని అన్నారు." అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. రాత్రి కందుకూరు అతని దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, ఆ కథకి తను కూడా నవ్వడం ఇదే మొదటిసారి అని.

మీరు భయపడే నలుగురికీ ఈ నలుగురికీ తేడా అది. బయట ప్రతి మాటనూ మనం లోపల తర్జుమా చేసుకోవాలి. "తిన్నావా?" అంటే పలకరింపా, ప్రశ్నా? "చూద్దాంలే" అంటే సరేననా, కాదనా? ఎదుటివాళ్ళకు ఊపిరి తీసినంత తేలికైన పనిని మనం రోజంతా లెక్కలు కట్టినట్టు చేస్తుంటాం. సాయంత్రానికి తల బరువెక్కక ఏమవుతుంది? ఆ తర్జుమా పని లేని గదిలో గంటన్నర కూర్చుంటే, మనకున్న కష్టం మనుషులతోనా, తర్జుమాతోనా అన్నది మొదటిసారి తెలుస్తుంది. నా విషయంలో సగం మనుషులతో, సగం తర్జుమాతో అని తేలింది. నేను ఇప్పటికీ రెండు గంటలు దాటితే ఎవరి దగ్గరా కూర్చోలేను, మా గ్రూపులో కూడా.

దీని మీద చదువుకున్న వాళ్ళు కూడా ఆలోచించారు. తనకే ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ అనే బ్రిటన్ సామాజికవేత్త 2012లో ఒక మాటన్నారు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు అర్థం కాకపోతే లోపం రెండు వైపులా ఉండాలి కదా, ఎప్పుడూ ఒకరి మీదే ఎందుకు వేస్తారని. దానికి డబుల్ ఎంపతీ అని పేరు. 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ వాళ్ళు దీన్ని మనం చిన్నప్పుడు ఆడుకున్న చెవిలో మాట చెప్పే ఆటలాంటి దానితో పరీక్షించారు. ఎనిమిదేసి మంది వరస. మొదటి వాళ్ళు విన్న కథ రెండో వాళ్ళకు, అలా చివరిదాకా. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళైన వరసల్లో కథ, ఆటిజం లేనివాళ్ళ వరసల్లో ఎంత మిగిలిందో అంతే మిగిలింది. రెండు రకాల వాళ్ళనూ కలిపిన వరసల్లోనే ఎక్కువ జారిపోయింది. అప్పుడు చేసింది 72 మందితోనే. 2025లో ఇంకా చాలా ఎక్కువ మందితో మళ్ళీ చేస్తే కలిపిన వరసల్లో కూడా అంత తేడా కనపడలేదు. కాబట్టి దీన్ని వేదవాక్కులా పట్టుకోవద్దు. రెండుసార్లూ తేలిందొకటుంది. ఆటిజం ఉన్నవాళ్ళకు ఒకరి మాట ఒకరికి చేరవేయడం చేతకాదన్నది మాత్రం నిలబడలేదు. నాకు ఆ ఒక్కటీ చాలు.

ఇక గ్రూపు అంటే ఏం చేస్తారని. బయట నుంచి చూస్తే ఏమీ చేయం.

మేం ఏడుగురం. ప్రతిసారీ అందరూ రారు. మొదటిసారి ఆదివారం పొద్దున ట్రంకు రోడ్డు మీద ఒక హోటల్లో కలుద్దామనుకున్నాం. ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. స్టీలు ప్లేట్లు టబ్బులో పడేసే చప్పుడు, గ్రైండరు, కారం దోసె ఘాటు, పైన మిణుకుమనే ట్యూబులైటు, "ఒక సాంబారిడ్లీ" అని కేక. పది నిమిషాల్లో ఇద్దరు వెళ్ళిపోయారు, నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని బిల్లు కట్టాను. రెండోసారి పార్కు. పక్కన ఎవరిదో పుట్టినరోజు, మైకు. ఇప్పుడు ఆదివారాలు ఖాళీగా ఉండే ఒక ట్యూషన్ సెంటర్లో కూర్చుంటున్నాం, రెండో ఆదివారం, పదిన్నర నుంచి పన్నెండు. పన్నెండు అంటే పన్నెండే. మాట మధ్యలో ఉన్నా లేస్తాం. ఎప్పుడు అయిపోతుందో తెలిస్తేనే మాలో చాలామంది వస్తారు.

కొత్తవాళ్ళకు మూడు రోజుల ముందు ఫొటోలు పంపుతాం. వీధి, గేటు, బండి పెట్టే చోటు, మెట్లు, గది, బాత్రూము. ఆ రోజు ఎంతమంది రావచ్చు, దేని గురించి మాట్లాడుకుంటాం, ఇంకో వాక్యం కూడా: "ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళినా వచ్చినట్టే." ఒకాయన నాలుగు నెలలు అలాగే కూర్చుని వెళ్ళాడు. ఐదో నెల ఫ్యాను రెక్క ఒకటి వంకరగా ఉందన్నాడు. నిజంగానే ఉంది.

ఇందాక ఆగిన ఉపాయం ఇదీ. ఆ అమెరికా వాళ్ళ సమావేశాల్లో మూడు రంగుల బ్యాడ్జీలుండేవి. ఎరుపు పెట్టుకుంటే నన్ను పలకరించొద్దని. పసుపు అయితే ఇదివరకే తెలిసిన వాళ్ళు మాత్రం పలకరించొచ్చు. ఆకుపచ్చ అంటే మాట్లాడాలనుంది, నాకు మొదలుపెట్టడం రాదు, మీరే మొదలుపెట్టండి అని. మేం బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్నాం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. చొక్కాకో, చున్నీకో పెట్టుకుంటాం. ఆ ఆకుపచ్చ క్లిప్పు ఎంత గొప్పదో మాటల్లో చెప్పలేను. నలభై ఏళ్ళు నేను పొగరుబోతుననే జనం అనుకున్నారు, ఎవరూ పలకరించకపోతే నాకు మొదలుపెట్టడం రాదన్నది వాళ్ళకెలా తెలుస్తుంది?

మాకంటూ కొన్ని మాటలు పుట్టాయి. ఆటిజం బయటపడకుండా మిగతా వాళ్ళలా నటించడాన్ని, ఇంగ్లీషులో మాస్కింగ్ అనే దాన్ని, మేం వేషం అంటాం. "పొద్దుట్నుంచి వేషంలో ఉన్నాను, కాసేపు తీసేస్తాను" అంటారు ఒకరు. ఇక తట్టుకోలేక ఒక్కసారిగా బయటపడిపోయే మెల్ట్‌డౌన్‌ని పొంగడం అంటాం, పాలు పొంగినట్టు. సన్నని సెగ మీద గంటసేపు కాగిందెవరికీ కనపడదు, పొయ్యి మీద పడ్డాకే అందరూ చూస్తారు. మాటా కదలికా ఆగిపోయే షట్‌డౌన్‌కి కరెంటు పోవడం అని గూడూరు ఆయన పెట్టిన పేరు. "కరెంటు పోయింది" అని మెసేజ్ పెడితే ఎవరూ ఫోన్ చేయరు, ఏమైందని అడగరు. మీరు ఆ రెండు రోజులు లేవలేదన్నారే, అదే. ఇంకా ఒకటుంది. కాళ్ళు ఊపితే దరిద్రం అని మనందర్నీ తొడ మీద కొట్టి పెంచారు. మా గదిలో ఏడుగురిలో ఐదుగురం ఊపుతూనే ఉంటాం. వచ్చే దరిద్రం ఎలాగూ వచ్చేసిందని ఒకరి జోకు.

నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి ఊళ్ళలో గ్రూపు పెట్టేటప్పుడు బెంగళూరు వాళ్ళకు తట్టని చిక్కు ఒకటుంది. మన దగ్గర కొత్త మనిషి కనపడగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేంటి అని అడుగుతారు. మూడో ప్రశ్నకల్లా కులం, నాలుగో ప్రశ్నకల్లా "అయితే మీ పెదనాన్న మాకు తెలుసే" అని వచ్చేస్తుంది. అక్కడితో ఆ మనిషి మళ్ళీ రాడు. అందుకని మా దగ్గర గట్టి నియమం ఒక్కటే, ఇంటిపేరు అడగం. ఊరి పేరు వాళ్ళు చెబితే వింటాం. ఒకరి గురించి ఇంకొకరి దగ్గర, ఇంట్లో భార్యాభర్తల దగ్గరైనా సరే, మాట్లాడం. ఫొటోలు లేవు. బజారులో ఎదురుపడితే రెండోవాళ్ళు పలకరిస్తేనే పలకరిస్తాం. ఆ చివరిది మాకు కష్టమేమీ కాలేదనుకోండి.

మీ అమ్మగారి మాటకు కూడా ఇందులోనే సగం జవాబుంది. నలుగురున్న గదిలో చెప్పడం ఊరికి చెప్పడం కాదని ఆవిడకు చెప్పండి. "చెప్పబాకరా" అనడంలో ఆవిడ భయం ఉత్తదేం కాదు, సంబంధాల మార్కెట్టు ఎలాంటిదో మనకు తెలుసు. అయితే ఒక్క మాట. పెళ్ళి చేసుకోబోయే మనిషికి మాత్రం దాచకండి, అది ఇద్దరికీ అన్యాయం. ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు. చెప్పిన వాళ్ళూ, చెప్పకుండా చేసుకుని తర్వాత పడిన వాళ్ళూ గ్రూపులో ఎదురుగా కూర్చుని ఉంటారు, వాళ్ళనడగండి. ఇలాంటి వాటికి నా సలహా కన్నా వాళ్ళ అనుభవం విలువైంది. ఆఫీసు సంగతీ అంతే. ఆటిజం అన్న పేరు చెప్పకుండానే "ఏ పనైనా నాకు వాట్సాప్‌లో రాసి పెట్టండి సార్, మాటల్లో చెబితే మర్చిపోతాను" అని అడగొచ్చు. మా వాళ్ళలో ముగ్గురు అలాగే బతుకుతున్నారు.

కావలిలో ఎలా మొదలుపెట్టాలి? ఇద్దరు చాలు. నిజంగా చెబుతున్నాను, ఇద్దరుంటే గ్రూపే. ఆ రెండో మనిషిని వెతకడం మాత్రం కష్టం. మీకు చెన్నైలో పరీక్షలు చేసిన సైకాలజిస్టును అడగండి, కానీ ఇలా అడగండి: "మా వైపు నుంచి మీ దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే నా నంబరు వాళ్ళకివ్వండి." వాళ్ళ నంబర్లు మీరడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నెల్లూరులో సీఆర్‌సీ అనే కేంద్రం ఉంది, దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టినది, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడుస్తుంది. అక్కడికి వచ్చేది ఎక్కువగా పిల్లలే, అయినా ఒక కాగితం రాసి ఇచ్చి రండి. మీరు వెళ్ళిన ఆ తల్లిదండ్రుల మీటింగు కూడా ఇప్పుడు పనికొస్తుంది చూడండి. ఆ పిల్లల్లో ఎవరికో పాతికేళ్ళ మేనమామ, ముప్ఫై ఏళ్ళ బాబాయి "వాడూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడు" అని ఇంట్లో వాళ్ళు చెప్పుకునే మనిషి ఉంటాడు. ఉండకుండా ఉండడు.

సర్టిఫికెట్ అడగొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతమో అంతకన్నా ఎక్కువో ఉందని ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగాల 4 శాతం కోటాలో ఆటిజం, మానసిక అనారోగ్యం లాంటివి ఉన్న వాళ్ళందరికీ కలిపి 1 శాతం ఉంది. మీకు కావాలంటే ఆ ప్రయత్నం విడిగా చేయండి. కానీ గ్రూపు గుమ్మం దగ్గర శాతం అడిగితే, చెన్నై దాకా వెళ్ళి పరీక్షలకు డబ్బు పెట్టలేని వాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, బయటే ఉండిపోతారు. "నాకూ ఇదేనేమో" అని వచ్చిన వాళ్ళను కూర్చోనిస్తాం. తమది కాదనుకున్న వాళ్ళు మూడోసారికి వాళ్ళే మానేస్తారు. ఆడవాళ్ళు రావాలంటే పొద్దున పూటే పెట్టండి, చీకటి పడేలా పెడితే ఇంట్లో వాళ్ళు పంపరు. మాట రాని పెద్దవాళ్ళు కూడా వస్తారు, రావాలి. టైప్ చేస్తారు, అక్షరాల అట్ట మీద వేలు పెట్టి చూపిస్తారు. వాళ్ళ కోసం ఆగడం నేర్చుకోవాలి. తోడొచ్చిన అమ్మానాన్నలకు కింద కుర్చీలు వేయండి, పైకి రానివ్వొద్దు. నిష్ఠూరంగా ఉంటుంది, అయినా సరే.

ఎదురెదురుగా గుండ్రంగా కుర్చీలు వేసి "ఇప్పుడు మన అనుభవాలు పంచుకుందాం" అని మాత్రం మొదలుపెట్టకండి. మనవాళ్ళకు నోట మాట రాదు. ఏదో ఒక పని పెట్టుకోండి. మేం ఒక నెల మైపాడు బీచికి పొద్దున ఆరింటికే వెళ్ళాం, జనం రాకముందు. ఏడుగురం ఒకే వైపు చూస్తూ నడిచాం. మొహాలు చూసుకునే పని లేదు కదా, ఎప్పుడూ మాట్లాడని వాళ్ళు కూడా మాట్లాడారు.

గొడవలు రావా? వస్తాయి. గూడూరు ఆయన ఒకసారి రైలు సిగ్నళ్ళ గురించి యాభై నిమిషాలు చెప్పాడు. వింటున్న ఒకమ్మాయికి తలనొప్పి పట్టుకుని మూడు నెలలు రాలేదు. ఇప్పుడు ఫోనులో పన్నెండు నిమిషాల టైమరు పెడతాం, అది మోగితే అతనికీ బాధ ఉండదు, ఆపింది మనిషి కాదు కదా. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజీలు నిషేధం, రాయాల్సిందే. గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా నిషేధం. అన్నిటికన్నా పెద్ద పొరపాటు నాదే. మొదటి ఏడాది ఫొటోలు పంపడం, తాళం చెవి తేవడం, గొడవలు తీర్చడం అన్నీ నేనే చేశాను. తర్వాత నాకు కరెంటు పోయింది, మూడు నెలలు. గ్రూపు కూడా నాతో పాటే ఆగిపోయింది. నడిపేవాళ్ళకీ ఆటిజం ఉందన్నది నేనే మర్చిపోయాను. మీరు మొదటి రోజు నుంచే తాళం చెవి రెండో మనిషి దగ్గర పెట్టండి.

ఒక విషయంలో మాత్రం సరదా లేదు. మనలాంటి వాళ్ళలో డిప్రెషన్, టెన్షన్, చచ్చిపోవాలన్న ఆలోచనలు మామూలు జనం కన్నా ఎక్కువ. మీ గ్రూపులో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ మాట అంటారు. గ్రూపు వైద్యం కాదు, మనం డాక్టర్లం కాదు. ఆ రోజు ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉండాలి. మేం ప్రతి ఒక్కరి దగ్గర వాళ్ళు నమ్మే ఒక మనిషి నంబరు మూసిన కవర్లో తీసుకుని పెట్టుకున్నాం. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416 గోడకు అంటించాం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోనులో మాట రాని వాళ్ళ తరఫున పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఎవరన్నది కూడా రాసి పెట్టుకున్నాం. మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే గ్రూపు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్ని కలవండి.

ఇక మీ నోటుబుక్కు. మానుకోవాలా అని అడిగారు. మీ ఉత్తరంలో ఇంత పెద్ద కష్టం రాసి చివర ఆ ప్రశ్న భయపడుతూ పెట్టారు చూడండి, నాకు మెట్ల కింద నిలబడి తిన్న క్యారియర్ గుర్తొచ్చింది.

మీ పేరు, వివరాలు ఏమీ చెప్పకుండా, కావలి గేటు దగ్గర ఇంజను నంబర్లు రాసుకునే ఒకతను ఉన్నాడని పోయిన ఆదివారం మా గదిలో అన్నాను. గూడూరు ఆయన పసుపు క్లిప్పు తీసేసి ఆకుపచ్చది పెట్టుకున్నాడు. మిమ్మల్ని మూడు విషయాలు అడగమన్నాడు, టైమరు మోగేలోపు రాసుకున్నాను. ఇంజను నంబరుతో పాటు దాని మీద రాసి ఉండే షెడ్డు పేరు కూడా రాస్తారా, నంబరొక్కటేనా? బొగ్గు బాక్స్-ఎన్ వ్యాగన్లు ఎన్నున్నాయో లెక్కపెడతారా? ఏ సంవత్సరం నుంచి రాస్తున్నారు? జవాబు ఈ చిరునామాకే రాయండి, ఆయనకు చేరుస్తాను.